నిచ్చెనాయన కూర్చున్న రోజు

మా వీధిలో ఆయన్ని అందరూ నిచ్చెనాయన అంటారు. స్కూటరుకి ఒక పక్కన మడత నిచ్చెన కట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. ఇంటర్నెట్ కంపెనీలో లైన్లు బాగుచేసే పని. వయసు యాభై ఏడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, కానీ మెట్లెక్కేటప్పుడు ఆయన మోకాళ్ల చప్పుడు వింటే నాకంటే పదేళ్లు పెద్దనిపిస్తుంది. మా ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది. అంటే లిఫ్టు దిగే గొయ్యి ఉంది, తలుపు ఉంది, తలుపు మీద మరమ్మతు జరుగుతోందన్న అట్ట ఉంది. ఆ అట్టకి కూడా ఇప్పుడు మరమ్మతు కావాలి.

ఆయన మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చేనాటికి ఆయన ఉద్యోగం మా ఇంటి తీగకి వేలాడుతోంది. అది అర్థం కావాలంటే ముందు మా కోడలి పని సంగతి చెప్పాలి.

మా కోడలు స్కానింగులు చూసి రిపోర్టులు రాసే డాక్టరు. ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. ఆసుపత్రిలో ఎవరి వెన్నెముకకో ఫోటోలు తీస్తారు, అవి తీగలోంచి మా ఇంటికొస్తాయి, ఆమె చూసి ఏ పూస జరిగిందో రాసి పంపుతుంది. ఒక్కో మనిషికి వందల ఫోటోలు. లైను బాగుంటే కాఫీ కప్పు కింద పెట్టేలోగా అన్నీ వచ్చి పడతాయి. బాగా లేకపోతే వెన్నెముక పూసకో పావుగంట చొప్పున దిగుతుంది. అవతల ఆ వెన్నెముక తాలూకు మనిషి బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉంటాడు.

ఆ మూడోసారికి మూడు వారాల ముందు స్పీడు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూడు వందలు చూపించాల్సిన చోట మూడో నాలుగో చూపించేది. గంటో గంటన్నరో అలా పాకి, మళ్లీ దానంతట అదే లేచి కూర్చునేది. కోడలు కంపెనీకి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. వేసింది. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ ఆపి మళ్లీ వేయమన్నారు. మూడోసారి ఆమె గొంతు విని మనిషిని పంపారు.

ఈలోగా ఇంట్లో విచారణ జరిగింది. అనుమానితుణ్ని నేనొక్కణ్నే. మావాడు పొద్దున ఆఫీసుకి పోతే రాత్రికి గాని రాడు. నేను చెప్పేవాటిలో సగం కల్పనలని మా ఇంట్లో అందరి నమ్మకం. అది అన్యాయం, ముప్పావు ఉంటాయి. అందుకే ఆ పెట్టెల జోలికి నేను పోలేదమ్మా అని ఉన్న నిజం చెప్పినా, కోడలు నా మొహం వైపు కాక నా వేళ్ల వైపు చూసింది.

మొదటిసారి నిచ్చెనాయన వచ్చినప్పుడు నేను హాల్లో నా ఊగే కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. ఆ కుర్చీ పూర్వం కిటికీ దగ్గర ఉండేది. ఎండ కళ్లలో పడుతోందని హాలు మధ్యకి, తివాచీ మీదకి జరిపించుకున్నాను. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే లేచి నిలబడ్డాను. మా కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పినవాటిలో లెక్కలు పోయాయి, ప్రార్థనలు సగం పోయాయి, ఒక్క ముక్క మిగిలింది: గదిలోకి మనిషి వస్తే లేవాలి, ఆ మనిషి కూర్చునేదాకా కూర్చోకూడదు. స్కేలుతో ఎక్కించిన చదువు, అంత తొందరగా దిగదు.

కూర్చోమన్నాను. అలవాటు లేదండి అన్నాడు. మొహమాటమనుకుని రెండోసారి కూడా అన్నాను. అప్పుడు చెప్పాడు. పందొమ్మిదో ఏట ఈ పనిలో చేరినప్పుడు ఆయన మేస్త్రీ చెప్పిన మొదటి మాటట: "నిలబడితే లైను కనపడుతుంది, కూర్చుంటే కాఫీ కనపడుతుంది." ముప్పై ఎనిమిదేళ్లుగా ఏ ఇంట్లోనూ కూర్చోలేదట. ఇప్పుడైతే ఇంకో కారణం కూడా ఉంది గాని, ఆ రోజు చెప్పలేదు.

గుమ్మం పక్కన గోడకి ఒక తెల్ల డబ్బా ఉంటుంది. వీధిలోంచి వెలుగు మోసుకొచ్చే గాజు తీగ అక్కడ ఆగుతుంది. అక్కణ్నుంచి ఇంకో తీగ హాలు దాటి కోడలి గదిలోని రౌటర్‌కి పోతుంది. ఆయన డబ్బా విప్పి, చేతిలో ఇమిడే మీటరుతో వెలుగు ఎంత వస్తోందో కొలిచాడు. నిండుగా ఉంది. అయినా కొస కత్తిరించి కొత్తది బిగించాడు. కోడలు లోపల స్పీడు చూసింది. మూడు వందలు. ఆ అరగంటా నేను నిలబడే ఉన్నాను, ఊరికే నిలబడితే ఏం బావుంటుందని మా మేనమామ ట్రంక్ కాల్ కథ చెప్పాను. ఆయన పొరుగూళ్లో ఉన్న అన్నగారికి కాల్ బుక్ చేసి, ఎంతకీ కలవక, విసుగొచ్చి రైలెక్కి ఆ ఊరు వెళ్లిపోయాడు. అన్నగారింట్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే ఫోను మోగింది. తనే ఎత్తాడు. "మీ తమ్ముడుగారు మాట్లాడతారు, లైన్లో ఉండండి" అంది ఆపరేటరు.

నిచ్చెనాయన నవ్వలేదు. స్క్రూ బిగిస్తూనే, "ఆ కాల్ కలిపింది నేనేనండి. ఆలస్యమైంది, ఏమనుకోకండి" అన్నాడు.

నా మనిషి అనుకున్నాను. ఆయన వెళ్లాడు. నేను కుర్చీలో కూర్చుని పేపరు విప్పాను. పది నిమిషాల్లో కోడలి గదిలోంచి నిట్టూర్పు వినిపించింది.

రెండోసారి నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. ఈసారి రౌటర్నే మార్చేశాడు. ఇనప బీరువా వెనకాల ఉన్నదాన్ని అరమీదకి ఎక్కించాడు. పాస్‌వర్డ్ మార్చాడు, పైఇంటివాళ్లెవరైనా మా వైఫై వాడుకుంటున్నారేమో చూశాడు. ఎవరూ లేరు. స్పీడు మూడు వందలు. పోతూ పోతూ కోడలితో, పడిపోయినప్పుడల్లా టైము ఒక కాయితం మీద రాసిపెట్టమన్నాడు. నేను ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, తలుపేసి వచ్చి కూర్చున్నాను. కోడలు కాయితం మీద మొదటి టైము రాసింది.

మళ్లీ ఫిర్యాదు పెట్టడానికి ఆమె ఫోనులో ఒక బొత్తాం నొక్కింది, అంతే. ఆ బొత్తాం వెనకాల ఏముందో ఆమెకి తెలీదు.

మూడోసారి వచ్చిన రోజు ఆయన నాలుగు అంతస్తులు ఎక్కడం నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. రెండో అంతస్తులో ఆగాడు. మూడో అంతస్తులో ఆగాడు. పైకొచ్చాక మాట్లాడటానికి కొంచెంసేపు పట్టింది. కోడలు మంచినీళ్లిస్తే నిలబడే తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ మామూలు గొంతుతో చెప్పాడు. ఒకే ఇంటి నుంచి నెలలో అదే ఫిర్యాదు మూడుసార్లు వస్తే, మూడోది ఆ రోజే తేలకపోతే, లైన్‌మన్ పేరు జాబితాలోంచి తీసేస్తారట. ఈ వయసులో ఇంకో కంపెనీ తీసుకోదు. సాయంత్రం అయిదింటిదాకా గడువు. ఇవన్నీ వాతావరణ సూచన చదివినట్టు చెప్పి, కాయితం అడిగాడు.

కోడలు గ్లాసు పక్కన పెట్టేసింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది. అది కుదరదట, నొక్కిన బొత్తాం నొక్కినట్టేనట.

కాయితం చూశాడు. రోజూ పొద్దున పదింటి నుంచి పన్నెండు లోపు, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. ఆదివారం మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. ఆఫీసుల రద్దీ వల్లేమో అని తనలో తనే అనుకుని, వీధి చివర పెట్టెలో ఇంకో పాతిక ఇళ్లు కలిసి ఉన్నాయి, వాళ్లెవరికీ లేదే అని తనే కొట్టేశాడు. ఆ ఆదివారం నేను జలుబు చేసి పొద్దస్తమానం మంచం మీదే ఉన్నానన్నది కాయితంలో లేదు. ఉన్నా ఎవరికి పట్టింది?

ఇక చేయగలిగింది ఒక్కటే, అది పడిపోయేదాకా కాసుకుని ఉండటం. పదిన్నర నుంచి ఆయన గుమ్మం దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డాడు. నేను కుర్చీ పక్కన నిలబడ్డాను. లోపల కోడలు స్కానింగులు చూస్తూ మధ్యమధ్య స్పీడు చెబుతోంది. మూడు వందలు. మూడు వందల రెండు. రెండు వందల తొంభై తొమ్మిది. పదకొండయింది. బంగారంలా నడుస్తోంది లైను. పంటినొప్పి డాక్టరు గుమ్మంలో మాయమవుతుంది చూడండి, అలాగ.

అలా నిలబడ్డ గంటలో ఆయన బతుకు కొంచెం కొంచెంగా తెలిసింది. ఆయన చెప్పాడనడం కంటే, కాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా ఒక మాట జారిందనడం సరి. పాత టెలిఫోన్ల కాలంలో ఆయనకి మీటరే అక్కర్లేదట. నడుముకి వేలాడే రిసీవరు తీగకి తగిలించి చెవిన పెట్టుకుంటే చాలు, జబ్బు తెలిసిపోయేది. వాన నీరు దిగితే ఒక చప్పుడు, తుప్పు పడితే ఒకటి, ఎలుక కొరికితే ఇంకొకటి. స్తంభం ఎక్కి చెవి పెట్టి, మూడో వీధిలో పచ్చగేటు ఇంటిముందు తవ్వండి అని చెప్పిన రోజులున్నాయట. అది కోత కాదని నాకు తెలుసు. కోతలు కోసేవాడికి ఎదుటివాడి నిజం ఇట్టే తెలుస్తుంది. రాగి తీగలు పోయి గాజు తీగలొచ్చాక ఆ విద్య అటకెక్కింది. "వెలుగుకి చప్పుడుండదండి" అన్నాడు. ఇప్పుడాయన చెవి ఖాళీగా ఉంది, మోకాళ్లకే పనంతా.

భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుందట. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే ఎలా ఉన్నావని అడగదు, ఎన్ని మేడలు అని అడుగుతుంది. ఇరవై అంతస్తుల లోపైతే బకెట్టు వేణ్నీళ్లు. ఇరవై దాటితే అందులో గుప్పెడు ఉప్పు. ముప్పై దాటితే ఏమీ అడగదు, మొహం చూసే ఉప్పు డబ్బా తీస్తుంది. మరి మీ ఇంట్లో స్పీడెంత అని కోడలు లోపల్నుంచి అడిగింది. మా ఇంట్లో ఇంటర్నెట్టే లేదమ్మా అన్నాడు. ప్రపంచంలో తనని స్పీడు అడగని గుమ్మం అదొక్కటే, దాన్ని అలాగే ఉంచుకున్నాడట.

పదకొండున్నరకి ఆయన ఫోను మోగింది. సూపర్‌వైజరు. అవతలి మాటలు మాకు వినపడలేదు. ఇవతల "చూస్తున్నా సార్" అన్న మాటే నాలుగుసార్లు వినపడింది.

నాకు నడుము లాగేస్తోంది. కోడలు బయటికొచ్చి మా ఇద్దర్నీ చూసింది. "మావయ్యగారూ, కరెంటు స్తంభాల్లా ఏమిటిది? ఒకరన్నా కూర్చోండి" అంది.

ఆయన కూర్చోందే నేనెలా కూర్చుంటానమ్మా అన్నాను. ఆమె ఆయన వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు చెప్పాడు రెండో కారణం. కూర్చుంటే కుడి మోకాలు బిగుసుకుపోతుందట. మళ్లీ లేవడానికి రెండు నిమిషాలు, ఏదో ఒకటి పట్టుకోవాలి. పరాయి ఇంట్లో, పనికొచ్చిన చోట, జనం చూస్తుండగా అలా లేవడం ఆయనకి ఇష్టం లేదు. చూసినవాళ్లకి, మనిషి పనికిరాడని ఫోనులో నొక్కే బొత్తాలు వేరేగా ఉంటాయి.

కోడలు లోపలికి పోయింది.

పన్నెండుకి పావుగంట ఉందనగా ఆయన మోకాలే తీర్పు చెప్పేసింది. గోడకి ఆనుకున్న వీపు మెల్లగా జారింది. చెప్పుల స్టాండు పక్కన బూట్లేసుకునే చిన్న ముక్కాలిపీట ఉంటుంది, దాని మీద చతికిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. చేతిలో మీటరు మాత్రం వదల్లేదు.

మనిషి కూర్చున్నాడు. సిస్టర్ల బాకీ తీరింది. హమ్మయ్య అనుకుని నేనూ నా కుర్చీలో వాలాను. అలవాటు కొద్దీ కాలు ఊగించింది. ఒక ఊపు, రెండు ఊపులు.

"ఇదిగో, పడిపోయింది" అంది కోడలు లోపల్నుంచి. "నాలుగు. మూడు."

నిచ్చెనాయన కళ్లు తెరిచాడు. లేవబోయాడు, మోకాలు రానివ్వలేదు. ఆసరా ఇద్దామని నేను గబుక్కున లేచాను.

"ఉండండుండండి, వచ్చేసింది. మూడు వందలు."

ఆయన అలా సగం లేచినవాడు సగంలోనే ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నా కుర్చీ వైపు చూశాడు. కుర్చీ కింద తివాచీ వైపు చూశాడు.

"బాబాయిగారూ, ఓసారి కూర్చోండి."

"మీరు లేస్తున్నారు కదా నాయనా, నేనెలా..."

"నేను లేవట్లేదు. కూర్చోండి."

ఆయన మళ్లీ పీట మీద వాలాడు. నేను కూర్చున్నాను. "పోయింది" అంది కోడలు. లేవమన్నాడు. లేచాను. "వచ్చింది." కూర్చోమన్నాడు. "పోయింది." ఏడుసార్లు చేయించాడు. లెక్కలు రానందుకు కూడా బడిలో అన్ని గుంజీలు తీయలేదు నేను. ఏడోసారికి కోడలు స్కానింగు వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఏమో అనుకున్నాను, మావయ్యగారూ" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు.

తివాచీ ఎత్తి చూస్తే కింద తీగ ఉంది. గోడకి మేకులు కొట్టడం ఇష్టంలేక, డబ్బా నుంచి గదిదాకా తివాచీ కిందుగా దాన్ని లాగింది మావాడే. సరిగ్గా నా కుర్చీ వంపుకర్ర ఆనే చోట అది నలిగి, బల్లపరుపుగా అయిపోయింది. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, లోపల ఎనిమిది సన్నతీగలు నాలుగు జతలుగా ఉంటాయని, బరువు పడితే ఒక జత విడిపోతోందని, అప్పుడు మిగతావాటితో కుంటుతోందని చెప్పాడు. ఊగినప్పుడల్లా అటు డబ్బా, ఇటు రౌటర్ ఒకదాన్నొకటి మర్చిపోయి మళ్లీ పరిచయాలు చేసుకోవాల్సి వస్తోందట. కుంటడం అన్నప్పుడు ఆయన చెయ్యి తన మోకాలి మీద ఉంది.

నేను లేస్తే లైను బాగుండేది. ఆయనొస్తే నేను లేచేవాణ్ని. ఆయన కూర్చుంటే గాని నేను కూర్చోను, ఆయన ఏ ఇంట్లోనూ కూర్చోడు. ఆయన మేస్త్రీ, నా సిస్టర్లు ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసి ఉండరు. వాళ్లంతా కలిసి, ఆయన వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఆ లోపాన్ని దాచిపెట్టారు.

తర్వాత పని ఎంతో లేదు. సంచిలోంచి కొత్త తీగ తీసి, నేల వారగా గోడ వెంబడి గదిదాకా లాగి బిగించాడు. అంతా వంగి చేసే పని. మధ్యలో రెండుసార్లు ఆగాడు. నేను తీగచుట్ట పట్టుకున్నాను, ఈసారి కథలేమీ చెప్పలేదు.

ఫిర్యాదు మూసేయడానికి ఫోనులో కారణం ఎంచుకోవాలి. పైకి చదివాడు: గాలివాన, చెట్టుకొమ్మ, ఎలుక, కరెంటు, వినియోగదారుడు. చివరిదాని దగ్గర ఆగాడు. అది నొక్కితే మూడు ఫిర్యాదులూ ఇంటి లోపమని తేలి ఆయన పేరు జాబితాలోనే ఉంటుంది. కాకపోతే ఇంటివాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఎవరూ పెట్టరట. ఎలుక అని రాసుకుపొమ్మంటారట.

"ఎలుక కంటే నేనే బరువు, నాయనా. నొక్కండి" అన్నాను.

నొక్కాడు. తెర మీద వేలితో సంతకం పెట్టమన్నాడు. కాన్వెంటు చేతిరాత, వంపుల్లో ఎక్కడా తేడా రాకుండా పెట్టాను. కింద వివరాలు రాసే చోట, "ముమ్మాటికీ నా బరువే" అని కూడా రాశాను. పన్నెండు ముప్పావుకి ఫిర్యాదు మూసుకుంది. నా జీవితంలో నేను రాసిచ్చిన మాట నమ్మినవాళ్లు ఆ కంపెనీవాళ్లే.

ఆయన సంచి సర్దుకోబోతుంటే కోడలు వద్దంది. పరీక్ష కాలేదంది. కుర్చీ మీద బరువు పెట్టి చూడకుండా ఎలా పోతారంది. నేను కూర్చోబోయాను. "మీరు కాదు మావయ్యగారూ, మీకు బరువు చాలదు. ఆయన కూర్చోవాలి" అంది. అరవై నాలుగు కిలోల మనిషిని నేను, ఆయనకంటే ఆరేడు కిలోలు ఎక్కువే. నోరు మూసుకున్నాను.

నిచ్చెనాయన ఆమె వైపు కాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, మెల్లగా కుర్చీ చేతులు పట్టుకుని దిగి, వెనక్కి వాలాడు. కుడికాలు ముందుకి చాపుకున్నాడు. మా కోడలు ఆయన మోకాలి వైపు డాక్టరు చూపు ఒకటి చూసి లోపలికి వెళ్లింది.

"ఊగండి. నేను స్పీడు చూస్తుంటాను" అంది.

ఊగాడు. "మూడు వందలు." ఇంకా ఊగమంది. కాసేపటికి మళ్లీ మూడు వందలంది. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది, ఆయన అడగడం మానేశాడు. మెడ ఒక పక్కకి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. మీటరు ఒళ్లో ఉంది. నేను వీధివైపు కిటికీ తెర లాగి, వచ్చి పక్కన నిలబడ్డాను.

ఒంటిగంటా పదికి జేబులో ఫోను మోగింది. కళ్లు తెరవకముందే చెవిదాకా తీసుకెళ్లాడు. విన్నాడు. ఎన్నో అంతస్తని అడిగాడు. లిఫ్టుందా అని అడిగాడు. లేదన్నట్టున్నారు, సరే అన్నాడు.

"బాగానే ఉందామ్మా లైను?"

"బాగుంది. ఇంకాసేపు చూడాల్సింది" అంది కోడలు. గుమ్మంలోకి వచ్చి, మోకాలికి ఫోటో తీయించుకోమని, తీయించుకుంటే తను చూస్తానని చెప్పింది. తల ఊపాడు. తీయించుకునే మనిషి ఊపే ఊపు కాదది.

లేవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి నా భుజం మీద. కోడలు ఆ రెండు నిమిషాలూ గోడ వెంబడి బిగించిన తీగనే శ్రద్ధగా చూస్తూ నిలబడింది. ఆయన నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. మూడో అంతస్తులో ఆగాడు, రెండో అంతస్తులో ఆగాడు, తర్వాత స్కూటరు చప్పుడు వినపడింది.

నేను తలుపేసి వెనక్కి తిరిగాను. కుర్చీ ఇంకా కొంచెం కొంచెంగా ఊగుతూనే ఉంది. అది ఆగేదాకా నేను కూర్చోలేదు.